కరెంటు వచ్చింది, నెట్ రాలేదు: క్లౌడ్‌స్టాక్ వర్చువల్ రౌటర్ తిప్పలు

శ్రీకాకుళంలో సర్వర్లు చూసుకునేవాళ్లకి తుఫాను కొత్త కాదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేకపోతే ఎలా ఉంటుందో బాగా తెలిసొచ్చింది. మా సర్వర్లలో వీఎంలు (సర్వర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు) నడుస్తాయి, వాటిని చూసుకునే సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌స్టాక్, వాటికి నెట్ అందించేది వర్చువల్ రౌటర్ అనే ప్రత్యేక వీఎం. మొన్నటి గాలివానకి మా సర్వర్లు యూపీఎస్ మీద నిలబడ్డాయి గానీ స్టోరేజీ కాసేపు పడి లేచింది. తెల్లారేసరికి మా కుర్రాడి ఫోన్: "సార్, రౌటర్ రన్నింగ్ అనే ఉంది. మరి ఏటిది, వీఎంలకి ఐపీ రావట్లేదు?"

సమస్య: వీఎంకి 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తోంది, లేదా అసలు స్టార్టే అవట్లేదు

డీహెచ్‌సీపీ (వీఎంలకి ఐపీ అడ్రస్ పంచే పని) చేయాల్సింది వర్చువల్ రౌటరే. అది ఐపీ ఇవ్వకపోతేనే వీఎంలో ఈ 169.254 కనిపిస్తుంది. 'రన్నింగ్' అంటే హైపర్‌వైజర్‌లో (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) దాని ప్రాసెస్ బతికుందని మాత్రమే. లోపల ఏం జరుగుతోందో ఆ మాట చెప్పదు. మీ హైపర్‌వైజర్ కేవీఎం అయితే, రౌటర్ ఉన్న హోస్ట్ (దాన్ని నడిపే సర్వర్) నుంచి దాని లింక్ లోకల్ అడ్రస్‌కి (కంట్రోల్ కోసం వాడే లోపలి అడ్రస్) 3922 పోర్టులో ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అవండి. అదీ 169.254తోనే మొదలవుతుంది, కంగారు పడొద్దు. వీఎంలో కనిపిస్తే రోగం, రౌటర్ కంట్రోల్ అడ్రస్‌గా కనిపిస్తే మామూలే.

లోపలికి వెళ్లాక ఒక ఖాళీ ఫైలు సృష్టించి చూడండి. మాకు 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని ఎర్రర్ వచ్చింది. స్టోరేజీ అందని ఆ కాసేపట్లో లినక్స్ డిస్కును కాపాడుకోవడానికి రాయడం మానేసింది. అందుకే ఆగకుండా నడిచిన వీఎంలు బాగానే ఉన్నాయి. మళ్లీ స్టార్ట్ చేసినవాటి వివరాలు రాసుకోలేక రౌటర్ చతికిలబడింది.

పరిష్కారం: ముందు స్టోరేజీ నిలకడగా ఉందో లేదో చూసుకోండి. తర్వాత 'క్లీనప్' టిక్ పెట్టి నెట్‌వర్క్ రీస్టార్ట్ చేయండి. పాత రౌటర్ పోయి కొత్తది పుడుతుంది. కాసేపు ఆ నెట్‌వర్క్ ఆగొచ్చు, అందరికీ ముందే చెప్పండి. రౌటర్లో చేత్తో చేసిన మార్పులుంటే అవీ పోతాయి. స్టోరేజీ సరిగా లేవకుండా ఈ బటన్ నొక్కితే ఉన్నదీ పోవచ్చు, కొత్తదీ రాకపోవచ్చు.

సమస్య: లోపల అంతా బాగుంది, బయటి నుంచి పబ్లిక్ ఐపీ అందట్లేదు

కొత్త రౌటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) మారి ఉంటే, పైనున్న గేట్‌వే (బయటి నెట్‌కి దారి) ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. గేట్‌వేలో ఆర్ప్ ఎంట్రీ (ఏ ఐపీకి ఏ మ్యాక్ అనే లెక్క) తుడిచేయండి, లేదా కొత్త మ్యాక్ తెలిసేలా రౌటర్ నుంచి ఆర్పింగ్ కమాండ్‌తో కబురు పంపండి.

సమస్య: జంట రౌటర్లు (ఒకటి పడితే రెండోది అందుకునేవి) రెండూ మేమే ప్రైమరీ అంటున్నాయి

ఒకదాని వీఆర్‌ఆర్‌పీ (ప్రైమరీ ఎవరో తేల్చే పద్ధతి) పలకరింపు రెండోదానికి చేరట్లేదు. వరసగా మూడు పలకరింపులు రాకపోతే బ్యాకప్ రౌటర్ పెత్తనం తీసుకుంటుంది. రౌటర్ల మీద పడకుండా ముందు స్విచ్ చూడండి. ఎప్పుడో స్విచ్‌లో వీలాన్ (నెట్‌వర్క్‌ని వేరు చేసే విభాగం) కలిపి, కాన్ఫిగరేషన్ సేవ్ చేయడం మరిచిపోయి ఉంటారు. కరెంటు పోయి స్విచ్ మళ్లీ లేచేసరికి అదీ పోయింది. (మా దగ్గర మరిచిపోయింది నేనే.) రెండు హోస్టుల ట్రంక్ పోర్టుల్లోనూ (చాలా వీలాన్లు మోసే స్విచ్ పోర్టులు) వీలాన్ మళ్లీ కలిపి, ఈసారి సేవ్ చేయండి. కొన్ని సెకన్లలో ఒకటి తనంతట తనే బ్యాకప్‌కి దిగుతుంది. దిగకపోతే ఒకదాన్ని ఆపి, మళ్లీ స్టార్ట్ చేయండి.