స్పార్క్ ప్లగ్‌కు యాంటీ సీజ్ రాయాలా? బైక్ ప్లగ్ మార్చేటప్పుడు చేయాల్సింది ఇదీ

ప్లగ్ ఉక్కు, ఇంజన్ హెడ్ అల్యూమినియం. ఏళ్ల తరబడి వేడికి రెండూ పట్టేసుకుంటే, విప్పేటప్పుడు హెడ్‌లోని మరలు కూడా ఊడి వస్తాయి. ఆ భయంతోనే చాలామంది ప్లగ్‌కు యాంటీ సీజ్ పేస్టు పూస్తారు. నేనూ పూసేవాణ్ణి. ఒకసారి దట్టంగా పట్టించి, ఎప్పటిలాగే బిగించాను. గట్టిపడాల్సిన చోట పానా మెత్తగా ఇంకో పావు చుట్టు తిరిగింది. అంతే, హెడ్‌లోని మర పోయింది. హెడ్ విప్పించి, లేత్ షాపులో హెలికాయిల్ (పోయిన మర స్థానంలో కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించుకోవాల్సి వచ్చింది.

తప్పు పేస్టుది కాదు, నా చేతిది. బిగించే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది. కంపెనీ చెప్పే టార్క్ (తిప్పి బిగించే బలం) పొడి మరలకు లెక్కగట్టినది. పేస్టుతో రాపిడి తగ్గితే, అదే బలానికి ప్లగ్ మరీ బిగుసుకుంటుంది.

ఇక పనిలోకి దిగుదాం. ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. వైరు పట్టి లాగకుండా క్యాప్ పట్టుకుని తీయండి. ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని గాలి కొట్టి ఊదేయండి, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. చాలా పల్సర్ బండ్లకు ఒకటి కంటే ఎక్కువ ప్లగ్‌లు ఉంటాయి, మర్చిపోవద్దు.

ప్లగ్ కదలకపోతే బలవంతం చేయకండి. ప్లగ్ మొదలు దగ్గర కాస్త తుప్పు వదిలించే ఆయిల్ వేసి, కాసేపాగి, కొద్దిగా విప్పుతూ మళ్లీ బిగిస్తూ తీయండి.

ఇప్పుడు కొత్త ప్లగ్ మరలు చూడండి. వెండిలా మెరుస్తుంటే పూత ఉన్నట్టే. పేస్టు అక్కర్లేదు, పొడిగానే పెట్టాలి. ప్లగ్‌లు తయారుచేసే ఎన్‌జీకే కంపెనీ కూడా తన పూత ప్లగ్‌లకు ఇదే చెబుతుంది. మరలు పూత లేకుండా నల్లగా ఉంటేనే రాయాలి. అదీ కాటుక పెట్టినంత. కొన దగ్గరి మొదటి రెండు మరలు వదిలేసి, పై మరలకు పల్చగా రుద్దండి. పేస్టులో లోహపు పొడి ఉంటుంది. నిప్పురవ్వ పుట్టే కొనకు (ఎలక్ట్రోడ్) అంటితే రవ్వ సరిగా రాక మిస్ఫైర్ అవుతుంది. గ్రీజు, ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, మాడి గట్టిపడతాయి.

ప్లగ్ పైభాగానికి జానెడు పెట్రోల్ పైపు ముక్క తొడిగి, దానితోనే తిప్పండి. మర అడ్డంగా పడితే పైపే జారిపోతుంది కానీ హెడ్ చెడదు. ఈ ఒక్క చిట్కా టార్క్ రెంచ్ (బిగించే బలం కొలిచే పానా) కంటే ఎక్కువ సార్లు నన్ను కాపాడింది.

అల్యూమినియం హెడ్‌లో సాధారణంగా మర వ్యాసం 10 మి.మీ. ఉన్న ప్లగ్‌కు టార్క్ 10-12, 12 మి.మీ.కు 15-20, 14 మి.మీ.కు 25-30 న్యూటన్ మీటర్లు. బండి మాన్యువల్ వేరే చెబితే అదే పాటించండి. పేస్టు రాసి ఉంటే దాదాపు మూడో వంతు తగ్గించండి. పాత పేస్టు హెడ్ మరల్లో మిగిలి ఉన్నా ఇదే లెక్క. రెంచ్ లేకపోతే, కొత్త ప్లగ్ వాషర్ హెడ్‌కు ఆనాక సుమారు అర చుట్టు చాలు. పాత ప్లగ్‌నే తిరిగి పెడితే వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి, చుట్టులో పన్నెండో వంతు, అంటే గడియారం ముల్లు ఒక గంట జరిగినంత. క్యాప్ టక్కుమని కూర్చునేదాకా నొక్కి, కిక్ కొట్టండి.