మన మంద ఉన్నితో చంటిబిడ్డ స్వెట్టర్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

కళ్యాణదుర్గం దగ్గర మా నాన్నకు గొర్రెల మంద ఉంది. ఇంట్లో ఇంత ఉన్ని పెట్టుకుని దుకాణంలో ఊలు కొనడమెందుకని, చెల్లెలి కొడుక్కు మొదటి స్వెట్టర్ దానితోనే అల్లాను. తొడిగిన పది నిమిషాలకే వాడు ఏడుపు లంకించుకున్నాడు. తర్వాత మరో మూడు చెడగొట్టాక అర్థమైంది: అల్లికలో కనబడే తప్పు చాలాసార్లు అంతకు ముందే, తొట్టి దగ్గరో కదురు దగ్గరో జరిగిపోయి ఉంటుంది.

బిడ్డ మెడ గీరుకుంటున్నాడు, చర్మం ఎర్రబడుతోంది

మా వైపు మందల్లో దక్కనీ జాతి గొర్రెలు ఎక్కువ. నల్లటి, ముతక ఉన్ని. కంబళికి అదే బలం, బిడ్డ మెడకు అదే శత్రువు. పోగు మందం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దాని కొన వంగదు, చర్మాన్ని పొడుస్తుంది. (నెల్లూరు జాతి గొర్రెలుంటే ఈ గొడవే లేదు. వాటికి ఉండేది వెంట్రుక, ఉన్ని కాదు.) ఎన్నిసార్లు ఉతికినా ముతక ఉన్ని సన్నబడదు.

అందుకని గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఉన్నినే పక్కన పెట్టించుకోండి. అందులోనూ భుజాల మీదిది తీసుకుని, తొడల దగ్గరిది, పొట్ట కిందిది వదిలేయండి. ఏకేటప్పుడు గడ్డిపోచలా బిరుసుగా, పుటుక్కున విరిగే వెంట్రుకలు తగులుతాయి. అవే పొడిచేవి, ఏరేయండి. పల్లేరు ముళ్ళు కూడా అప్పుడే. ఒక్క ముల్లు పోగులో కలిసిపోతే అల్లాక వెదకడం నరకం.

పరీక్ష అరచేత్తో చేయకండి. పనిచేసి మొద్దుబారిన చేతికి ఏమీ తెలియదు. వడికిన పోగు చుట్టను మీ దవడ కింద, మెడకు పది నిమిషాలు ఆనించి చూడండి. దురద పుడితే ఆ ఉన్నితో చేతుల్లేని పైకోటే అల్లాలి. మెడ, చంకల అంచులు నూలు దారంతో అల్లి, లోపల పూర్తి చేతుల నూలు చొక్కా తొడగాలి. ఆరు నెలల లోపు బిడ్డకు నేనైతే మన ఉన్ని వాడను. మెత్తటి ఊలు కొంటాను, నాన్న అలిగినా సరే.

స్వెట్టర్‌కు గొర్రె వాసన, చేతికి జిడ్డు

కడగడం సగంలో ఆగిందన్నమాట. ఉన్నికి పట్టిన మైనం లాంటి కొవ్వు చన్నీళ్ళకు కదలదు. 60 డిగ్రీల వేడినీళ్ళలో కుంకుడు రసం కలిపి, ఉన్నిని పలచటి గుడ్డ సంచిలో పెట్టి ముంచి, ఇరవై నిమిషాలు వదిలేయండి. పిసకవద్దు, కలపవద్దు. నీళ్ళు చల్లారకముందే తీసేయాలి. లేకపోతే కరిగిన కొవ్వు తిరిగి దానికే అంటుకుంటుంది. నీళ్ళు తేటపడే దాకా ఇలాగే మళ్ళీ మళ్ళీ చేయాలి. ప్రతిసారీ నీళ్ళు అంతే వేడిగా ఉండాలి.

అనంతపురం బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. ఉప్పునీటిలో సబ్బు వాడితే తెల్లటి తెట్టు కట్టి ఉన్నికి పట్టుకుంటుంది. కుంకుడు రసంతో ఆ బాధ లేదు. వాననీళ్ళు పట్టి ఉంచుకుంటే ఆఖరి జాడింపుకు అవే వాడండి. లేకపోతే బకెట్‌కు రెండు చెంచాల నిమ్మరసం చాలు.

అల్లిన ముక్క ఒకవైపుకు ఒరిగిపోతోంది

కుట్లు సరిగ్గా లెక్కపెట్టాను, విప్పాను, మళ్ళీ అల్లాను, మళ్ళీ ఒరిగింది. రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. తప్పు పోగుది. కంబళికి వడికే దారం ఒంటిపేట, పురి ఎక్కువ. మగ్గం మీద పడుగూ పేకా దాన్ని కదలనివ్వవు. అల్లికలో ప్రతి కుట్టూ వదులుగా ఉండే ఉచ్చు, కాబట్టి పురి తన దారిన తాను తిరుగుతుంది.

మూరెడు దారం తీసి రెండు కొనలూ కలిపి వేలాడదీయండి. అది తనంతట తాను పాములా చుట్టుకుంటే పురి ఎక్కువైనట్టే. రెండు పేటలు తీసుకుని, వడికిన దిశకు ఎదురు దిశలో కలిపి పురి పెట్టండి. తర్వాత చిలపను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, వేలాడదీసి ఆరబెట్టండి. ఈసారి వేలాడదీస్తే నిటారుగా నిలుస్తుంది. ఒంటిపేట దారమే ఉంటే రెండు వైపులా నిట్ కుట్టే వేయండి, ఒరగడం అంతగా కనబడదు. అల్లేసినదాన్ని తడిపి గుండుసూదులతో సాగదీస్తే ఒక ఉతుకు దాకానే ఆగుతుంది. విప్పడమే మార్గం.

తల దూరడం లేదు

అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34-35 సెంటీమీటర్లు. ఛాతీ అంతకంటే కాస్త తక్కువే. మనం ఛాతీ కొలత చూసి మెడ అల్లేస్తాం. పైగా చివరి కుట్లు బిగించి మూస్తాం. అల్లింది పదో నంబరు సూదితో అయితే మెడ కుట్లు అంతకంటే లావైన ఎనిమిదో నంబరుతో మూయండి. అసలు ముందు తెరుచుకునేలా అల్లితే మేలు. గుండీలు గట్టిగా కుట్టాలి, మెడ దగ్గర తాళ్ళు మాత్రం పెట్టవద్దు.

ఉతికితే బొమ్మకు సరిపోయేంత అయింది

వేడినీళ్ళలోంచి చన్నీళ్ళలోకి తీసి, పైగా రుద్దారు. ఉన్ని పోగు మీది పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ముద్దకట్టాయి. ఇక వెనక్కి రాదు. ఇంకోదాన్ని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరచి ఆరబెట్టండి. ముద్దకట్టిన దాన్ని పారేయకండి. కత్తిరిస్తే పోగులు లేవవు కాబట్టి వేడి గిన్నెలు దించే మసిగుడ్డకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. మా వంటింట్లో ఇప్పుడు నాలుగున్నాయి.