వేటకెళ్లిన బోటు సముద్ర సరిహద్దు దాటి పట్టుబడితే ఇంటివాళ్లు ఏం చేయాలి

ముందు ఏ దేశం పట్టుకుందో తేల్చుకోండి. దాన్నిబట్టే దారి మారుతుంది.

పాకిస్తాన్ అయితే 2008 ఒప్పందం ఉంది. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మూడు నెలల్లోగా అక్కడున్న మన హైకమిషన్ (రాయబార కార్యాలయం) వాళ్లు ఖైదీని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, పౌరసత్వం తేలాక నెలలో పంపించాలి. కాగితం మీద మాట ఇది. 2018 నవంబరులో పట్టుబడిన మన ఉత్తరాంధ్ర జాలర్లు వాఘా దాటింది 2020 జనవరిలో. ఆలస్యం ఎక్కువగా పౌరసత్వం తేల్చే దగ్గరే జరుగుతుంది.

మా మరిది విషయంలో అదే అయింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, రేషన్ కార్డులో అసలు లేదు. ఒక్క అక్షరం కోసం మా అత్త ఎన్ని మెట్లెక్కిందో! అందుకే వేటకెళ్లే ముందే అన్ని కార్డుల్లో పేరు, తండ్రి పేరు ఒకేలా ఉండేట్టు దిద్దించండి. జిరాక్సులు ఇంట్లో ఉంచుకోండి.

శ్రీలంకలో విదేశీ చేపల బోట్ల చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత విదేశీ బోట్లకు జరిమానాలు బాగా పెరిగాయి. మనిషి విడుదలైనా బోటు వస్తుందన్న నమ్మకం లేదు. బంగ్లాదేశ్ అయితే ఢాకాలోని మన హైకమిషన్‌కు రాయండి. ఏ దేశమైనా విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, నంబరు రాసుకోండి.

ఇంకో మాట అడగండి: బోటు ఆ దేశ తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల దొరికిందా, బయటా? బయట, ఆ దేశానికే చేపల మీద హక్కుండే ‘ప్రత్యేక ఆర్థిక మండలం’ అనే సముద్ర భాగంలో, చేపల వేట తప్పుకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు వేయకూడదని ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టాల ఒడంబడిక 73వ అధికరణ చెబుతోంది. అర్జీలో ఆ అధికరణ నంబరు తప్పకుండా రాయండి.