ఎస్‌క్యూలైట్‌లో ఏ క్వెరీకి ఎంత టైమ్ పడుతోందో కొలవడం ఎలా?

మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా చిట్టీలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఉందనుకోండి. వడ్ల లారీలు బారులు తీరే సీజన్లోనే అది మొరాయిస్తుంది. కొత్త కంప్యూటర్ కొనేముందు ఆలస్యం ఎక్కడో చూడాలి. వెనక ఉన్నది ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్) అయితే, ఒక్కో క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు, పట్టే టైమ్ కొలిచే ఏర్పాటు అందులోనే ఉంది.

ప్రోగ్రాం మూసేసి డేటాబేస్ ఫైలుకు కాపీ తీయండి. ఆ కాపీని ఎస్‌క్యూలైట్3 కమాండ్‌తో తెరిచి '.టైమర్ ఆన్' అని కొట్టండి. చుక్క లైను మొదట్లోనే ఉండాలి, చివర సెమీకోలన్ వద్దు. ప్రాంప్టు '...>' అని చూపిస్తుంటే ముందటి క్వెరీ ఇంకా ముగియలేదు. సెమీకోలన్‌తో దాన్ని ముగించి మళ్లీ కొట్టండి.

ఇప్పుడు సతాయిస్తున్న క్వెరీని నడపండి. కింద రియల్, యూజర్, సిస్ అని మూడు అంకెలు సెకన్లలో వస్తాయి. రియల్ అంటే మనం కాచుకున్న సమయం. మిగతావి ప్రాసెసర్ పనిచేసిన సమయం. రియల్ 2.4 ఉండి ఆ రెండూ కలిపి 0.1 దాటకపోతే, చాలామటుకు డిస్కు దగ్గరే ఆగుతోంది. మొదటిసారి డేటా డిస్కు నుంచి రావాలి, రెండోసారికి మెమరీలో ఉంటుంది. రెండూ విడిగా రాసుకోండి. పొద్దున మిల్లు తెరవగానే గుమస్తాకు తగిలేది ఆ మొదటి అంకే.

కారణం కోసం అదే క్వెరీ ముందు 'ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్' చేర్చండి. 'సెర్చ్' వస్తే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టిన పట్టిక) ద్వారా వెతుకుతోంది, ఉత్త 'స్కాన్' వస్తే టేబుల్ మొత్తం చదువుతోంది. తేదీకి ఇండెక్స్ ఉన్నా స్కాన్ వస్తోందా? 'వేర్' తర్వాత ఆ కాలమ్‌ను 'డేట్' ఫంక్షన్లో పెట్టారేమో చూడండి. ఫంక్షన్లో పెడితే మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఈరోజు నుంచి రేపటిలోపు అని హద్దులు పెట్టి అడగండి.

నడుస్తున్న ప్రోగ్రాంలోనే కొలవాలంటే 'ఎస్‌క్యూలైట్3_ట్రేస్_వీ2' అనే ఫంక్షన్‌ను ప్రోగ్రాం కోడ్‌లో వాడాలి. ఇది 3.14 వెర్షన్ నుంచి ఉంది. డేటాబేస్ తెరవగానే దీన్ని పిలిచి, 'ఎస్‌క్యూలైట్_ట్రేస్_ప్రొఫైల్' గుర్తునూ మీ ఫంక్షన్‌నూ ఇవ్వండి. ప్రోగ్రాం డేటాబేస్‌ను తెరిచిన ఒక్కో కనెక్షన్‌కు విడిగా ఇవ్వాలి. క్వెరీ ముగిసినప్పుడల్లా పట్టిన టైమ్ నానోసెకన్లలో మీ ఫంక్షన్‌కు అందుతుంది. చివరి ఆరు అంకెలు సున్నాలే, కొలత మిల్లీసెకన్ల దగ్గరే ఆగుతుంది. చిన్న క్వెరీకి సున్నా వస్తే కంగారు పడొద్దు. వెయ్యిసార్లు నడిపి మొత్తం టైమ్‌ను బయటి నుంచి కొలవండి.

ఇంకో చిక్కుంది. మొదటి వరుస అడిగినప్పటి నుంచి క్వెరీ ముగిసేదాకా గడిచిన సమయమంతా ఇందులోకే వస్తుంది. ఒక్కో వరుస తీసి మధ్యలో ప్రింటర్‌కు పంపిస్తుంటే, ప్రింటర్ ఆలస్యం క్వెరీ ఖాతాలో పడుతుంది. వరుసలన్నీ ముందు మెమరీలోకి తీసుకుని, క్వెరీ ముగిశాకే ప్రింట్ కొట్టండి.