క్రావట్ మెలి తిరుగుతోందా? ముడి విప్పే ముందు ఒకసారి వేలాడదీసి చూడండి

ఇంట్లో కుట్టుకున్న క్రావట్ (చొక్కా కాలర్ లోపల మెడకు కట్టుకునే వెడల్పాటి గుడ్డ) కుదురుగా కూర్చోకపోతే దాదాపు అందరూ చేసేది ఒకటే: ముడి విప్పి మళ్లీ కట్టడం. అదీ కుదరకపోతే ఇస్త్రీ, ఆ తర్వాత మళ్లీ ముడి. అద్దం ముందు అరగంట గడిచిపోతుంది కానీ తప్పు ముడిలో ఉందా, కుట్టులో ఉందా, కత్తిరింపులో ఉందా అన్నది మాత్రం ఎవరూ చూడరు. అది తేల్చడానికి పట్టేది రెండు నిమిషాలు.

క్రావట్‌ను సరిగ్గా మధ్యలో పట్టుకుని హ్యాంగర్ కడ్డీ మీద వేయండి. రెండు కొసలూ దేనికీ తగలకుండా వేలాడాలి. చేత్తో సర్దకుండా కాసేపు వదిలేయండి. రెక్కలు, అంటే రెండు కొసల వైపు వెడల్పాటి భాగాలు, తిన్నగా, ముఖం మీ వైపే ఉంచి వేలాడితే కుట్టు బాగున్నట్టే. అప్పుడు ముడి సంగతి చూడండి. రెక్క పక్కకు తిరిగి అంచు మీ వైపు వస్తే, లేదా తిరగకుండా మొన మాత్రం ఒక పక్కకు జరిగితే ఎన్ని రకాల ముళ్లు వేసినా లాభం లేదు. కింద మెలి గురించి రాసిన భాగానికి నేరుగా వెళ్లండి.

ఇక్కడ చెప్పేదంతా చొక్కా పై గుండీ తీసి, కాలర్ లోపల మెడకు ఆనించి కట్టుకునే మామూలు క్రావట్ గురించి. మొత్తం పొడవు 115 నుంచి 120 సెం.మీ., రెక్క వెడల్పు 15 సెం.మీ. దరిదాపు. మధ్యలో 40 సెం.మీ. మేర ప్లీట్లు పెట్టి 4–5 సెం.మీ. వెడల్పుకు కుదించిన మెడపట్టీ ఉంటుంది.

ముడి వదులై కిందికి జారుతోంది

సాటిన్, నున్నటి సిల్కు అయితే ఒక చుట్టు ఆగదు. పొడవు కొసను పొట్టి కొస కంటే 15 సెం.మీ. కిందికి ఉంచి మొదలుపెట్టండి. పొడవు కొసను పొట్టిదాని మీదుగా వేసి, వెనక నుంచి తెచ్చి, ఇంకోసారి ముందు నుంచి చుట్టండి. అప్పుడు గొంతు దగ్గర కింద నుంచి పైకి తీసి ముందుకు వదలండి. ఆ రెండో చుట్టే ముడిని పట్టి ఉంచుతుంది. కాటన్‌కు ఒక చుట్టు చాలు, రెండు వేస్తే లావెక్కుతుంది.

చుట్టు సరిగానే ఉన్నా జారుతోందంటే కొసలు చొక్కా లోపలికి పోవడం లేదన్నమాట. ముందు రెక్క, వెనక రెక్క రెండూ రెండో గుండీ కిందికి దిగాలి. అవి పొట్టిగా ఉంటే వంగినప్పుడల్లా బయటికి వస్తాయి, వాటితోపాటు ముడీ కదులుతుంది. దీనికి ముడిలో మందు లేదు, తర్వాతి క్రావట్ పొడవు పెంచుకోవాలి.

గొంతు దగ్గర గడ్డలా ఉబ్బుతోంది

పొరలు లెక్కపెట్టండి. 15 సెం.మీ. గుడ్డను 5 సెం.మీ.కు మడిస్తే ప్రతిచోటా మూడు మందాలు పడతాయి. పైగుడ్డ, బిగువు కోసం లోపల వేసే కాన్వాస్, అడుగున ఉండే లైనింగ్ మూడూ మెడ దాకా వెళ్తే మొత్తం తొమ్మిది పొరలు. ముడి వేశాక అవి ఇంకా పెరుగుతాయి. మెడ భాగంలో కాన్వాస్ అక్కర్లేదు. రెక్క వైపు నుంచి ప్లీట్లు మొదలయ్యే చోటుకు 1 సెం.మీ. ఇవతలే దాన్ని ఆపేయండి, పొరలు ఆరుకు తగ్గుతాయి. ఇప్పటికే కుట్టేసి ఉంటే కుట్టాక తిరగేయడానికి వదిలిన సందు విప్పి, చెయ్యి అందినంత మేర కాన్వాస్‌ను కత్తిరించి తీసేయొచ్చు.

మెడ వెనక క్రావట్ కాలర్ మీదుగా తొంగిచూస్తుంటే మెడపట్టీ కాలర్ బ్యాండు (కాలర్ కింద మెడ చుట్టూ నిలబడే పట్టీ) కంటే వెడల్పుగా ఉంది. బ్యాండు ఎత్తు కొలిచి, ప్లీట్లు ఒక్కొక్కటి ఇంకాస్త లోతు చేయండి. అంతే.

ప్లీట్లు విచ్చుకుంటున్నాయి

మెడపట్టీ రెండు చివర్లా అడ్డంగా మెషిన్ కుట్టు వేసి ఊరుకున్నారన్నమాట. మధ్యలో 40 సెం.మీ. పొడవునా ప్లీట్లను పట్టుకునేది ఏమీ లేదు. లైనింగ్ వైపు నుంచి, ప్రతి 5 సెం.మీ.కు ఒక చోట, సూది దారంతో మూడు చిన్న కుట్లు వేసి ముడేయండి. సూది అన్ని మడతలనూ పట్టాలి, పైన కనిపించే చివరి పొరను మాత్రం వదిలేయాలి.

రెక్క మెలి తిరుగుతోంది, లేదా మొన ఒక పక్కకు పోతోంది

అసలు తలనొప్పి ఇది. ఇస్త్రీ చేస్తే బుద్ధిగా పడుకుంటుంది. మెడకు వేసుకున్న పది నిమిషాలకు తాడులా తిరిగి లైనింగ్ బయటపెడుతుంది. ఇస్త్రీకి లొంగి, వేలాడగానే తిరగబడుతోందంటే తప్పు గుడ్డ పోగుల్లో ఉంది.

ముందు మామూలు అనుమానం తీర్చుకోండి. కుట్టేటప్పుడు మెషిన్ పళ్లు కింది పొరను ఎక్కువగా లాగి ఉండొచ్చు. అలా జరిగితే కుట్టు వెంట ఏటవాలు ముడతలు కనిపిస్తాయి. ఒక పక్క 10 సెం.మీ. కుట్టు విప్పండి. రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి జరిగి ముడతలు పోతే కారణం అదే. కచ్చా కుట్టు వేసి, మెడ మధ్య నుంచి మొన వైపుకు రెండు పక్కలా ఒకే దిశలో మళ్లీ కుట్టండి. చుట్టూ ఒకే ఊపులో కుట్టుకుపోతే ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి లాగుతుంది. విప్పినా మెలి అలాగే ఉందంటే కత్తిరించేటప్పుడే పోగు తప్పింది.

క్రావట్‌ను క్రాస్‌లో, అంటే పోగులకు ఏటవాలుగా, కత్తిరించాలని అందరికీ తెలుసు. పడుగుకూ (నిలువు పోగులు) పేకకూ (అడ్డ పోగులు) సమానంగా 45 డిగ్రీలు. చిక్కల్లా ఆ 45ను దేని నుంచి కొలిచారన్నదే. చాలామంది గుడ్డ కొన్నప్పుడు కత్తెర పడిన అంచు నుంచి కొలుస్తారు. ఆ అంచు కత్తెర నడిచిన దారి, పేక పోగు నడిచిన దారి కాదు. ఇంకొందరు అచ్చు వేసిన గీతల్ని, గళ్లను చూసి కొలుస్తారు. అచ్చు గీత పోగు వెంటే పడాలన్న నియమం లేదు. పైగా రోలుకు చుట్టిన గుడ్డలో పేక ఒక పక్కకు ఒరిగి, పడుగుకు లంబంగా లేకుండా పోవడం మామూలే. కోణమానిని 45 చూపిస్తుంది, పోగు మాత్రం 41 దగ్గరో 49 దగ్గరో ఉంటుంది.

మెలి ఎందుకు పడుతుందంటే: క్రాస్‌లో వేలాడే గుడ్డ తన బరువుకు తానే సాగుతుంది. కోణం సరిగ్గా ఉంటే పడుగూ పేకా సమానంగా లొంగి, రెక్క రెండు పక్కలా ఒకేలా సన్నబడుతుంది. కోణం తప్పితే ఒక వరస పోగులు ఎక్కువ లొంగుతాయి, గుడ్డ ఆ పక్కకు ఒరుగుతుంది. పై పొర, అడుగు పొర రెండూ ఒకే వైపు ఒరిగితే మొన పక్కకు జరుగుతుంది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఒరిగితే రెండూ కలిసి మెలి తిప్పుతాయి.

ఇక్కడే జాగ్రత్తపరులు కూడా దెబ్బతింటారు. ముక్కలన్నీ ఒకే దిశలో, గుడ్డ మంచివైపు పైకి ఉంచి శ్రద్ధగా కత్తిరిస్తారు. కుట్టడానికి మంచివైపులు ఎదురెదురుగా పెట్టగానే ఒక ముక్క బోర్లా పడుతుంది. దాంతో ఒకే వైపు ఉన్న కోణపు తప్పు ఎదురు వైపులకు మారిపోతుంది. ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చం ఒకేలా ఉంటాయి, కుట్టాక మెలి. ఆ తప్పుకు మందు కింద చెప్పే పోగు సరిచూడటమే. బోర్లా పడిన ముక్కతో ఇంకో చిక్కూ ఉంది: పడుగు మీద పేక వస్తుంది. అది రాకుండా పై ముక్కలు (రెక్కకొకటి) రెండింటినీ ఒక ఏటవాలులో, అడుగు ముక్కలు రెండింటినీ దాన్ని అడ్డంగా కోసుకుపోయే రెండో ఏటవాలులో కత్తిరించండి. అంటే అడుగు ముక్కలకు ప్యాటర్న్‌ను (కాగితపు నమూనాను) 90 డిగ్రీలు తిప్పి పెట్టాలి. అప్పుడు ఎదురెదురుగా పెట్టినప్పుడు పడుగు మీద పడుగు వస్తుంది.

ట్విల్ నేతకు (ఏటవాలు గీతలు కనిపించే నేత) ఇంకో తిరకాసు ఉంది. మడత పెట్టి రెండు పై ముక్కల్ని ఒకేసారి కత్తిరిస్తే ఒక రెక్క మీద ట్విల్ గీతలు నిలువుగా, రెండో రెక్క మీద అడ్డంగా వస్తాయి. రెండూ వేర్వేరు మెరుపుతో, వేర్వేరు ఒంపుతో పడతాయి. గుడ్డను మడవకుండా ఒక్క పొర మీదే కత్తిరించడం దీనికి మందు. చోటు ఎక్కువ పడుతుంది, తప్పదు.

పోగు సరిచూసే పద్ధతి: నేత అంచు (గుడ్డ పొడవునా మగ్గం మీదే వచ్చిన గట్టి అంచు) దగ్గర చిన్న గాటు పెట్టి ఒక పేక పోగును పట్టి మెల్లగా లాగండి. గుడ్డలో సన్నటి గీత పడుతుంది, దాని వెంటే కత్తిరించండి. సిల్కును చింపొద్దు, చింపిన చోట అంచు సాగిపోతుంది. ఇప్పుడు మూల నుంచి పేక వెంట 30 సెం.మీ., పడుగు వెంట 30 సెం.మీ. గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. 42.4 సెం.మీ. వస్తే మూల లంబంగా ఉంది. 41.3 లేదా 43.5 వస్తే సుమారు 3 డిగ్రీలు ఒరిగింది. ఆ మాత్రం ఒరుగు మెలికి చాలు.

ఒరిగి ఉంటే గుడ్డను పొట్టిగా ఉన్న కర్ణం (ఎదురు మూలల మధ్య గీత) వెంట ఇద్దరు పట్టి లాగి, ఆవిరి పట్టి, బల్ల మీద పరిచి ఆరనివ్వండి. మళ్లీ కొలవండి. కొన్ని గుడ్డలు ఫినిషింగ్‌లో బిగుసుకుపోయి మాట వినవు. వాటికి కోణమానిని పక్కన పెట్టేయండి. రెండు పోగుల వెంట సమాన దూరాల్లో పెట్టిన గుర్తుల్ని కలిపే గీతే మీ క్రాస్. మూల 90 కాకపోయినా ఆ గీత రెండు పోగులకూ సమానంగానే ఒరిగి ఉంటుంది, మనకు కావలసింది అదే.

ముక్కల్ని చుట్టూ 2 సెం.మీ. ఎక్కువ ఉంచి కత్తిరించి, ఒక రాత్రి క్లిప్పులతో వేలాడదీయండి. క్రాస్ సాగాల్సినంత అప్పుడే సాగుతుంది. మర్నాడు ప్యాటర్న్ మళ్లీ పెట్టి, పిన్నులు కాకుండా బరువులు ఉంచి, అసలు కొలతకు కత్తిరించండి. కాన్వాస్ కూడా క్రాస్‌లోనే ఉండాలి. నిలువు పోగు కాన్వాస్ మీద క్రాస్ గుడ్డ వేస్తే అది సాగదు, ఇది సాగుతుంది, మధ్యలో అలలు లేస్తాయి. ఇస్త్రీతో అంటుకునే రకం అసలే వద్దు.

కుట్టేసిన క్రావట్‌ను బాగుచేయడం కొంతవరకే సాధ్యం. రెక్క కుట్లు విప్పి, ఆవిరి పట్టి, పరిచి, మధ్య గీతకు పోగు ఎంత తప్పిందో చూడండి. 3 డిగ్రీలలోపు ఉంటే రెక్క వెడల్పు 15 నుంచి 13 సెం.మీ.కు తగ్గించి, ఆ మిగిలిన 2 సెం.మీ.లో ప్యాటర్న్‌ను తిప్పి మళ్లీ కత్తిరించొచ్చు. 40 సెం.మీ. రెక్కకు ఆ చోటు సరిపోతుంది. మెడ భాగం జోలికి పోవద్దు. ప్లీట్లలో బిగిసి ఉంటుంది కాబట్టి అక్కడి పోగు ఎటున్నా నష్టం లేదు. 3 డిగ్రీల కంటే ఎక్కువ తప్పితే ఆ గుడ్డ జేబురుమాలుకే పనికొస్తుంది, క్రావట్‌గా దాన్ని ఒప్పించలేరు.

కుట్టు ముడుచుకుంటోంది, లాగితే దారం తెగుతోంది

రెండూ ఒకే తావున పుడతాయి. క్రాస్ అంచు సాగుతుంది, తిన్నటి కుట్టు సాగదు. వెడల్పు 0.5, పొడవు 2 మి.మీ. జిగ్‌జాగ్ పెట్టండి, చూడ్డానికి తిన్నటి కుట్టులాగే ఉంటుంది. పై దారం టెన్షన్ కాస్త తగ్గించండి. సూది 60 లేదా 70 సైజు, కొత్తది. పాత సూదితో సిల్కు కుట్టి పోగులు లాగేసుకుని, మెషిన్‌ను తిట్టుకోవడం దేనికి? గుడ్డ జారుతుంటే కింద పలచటి టిష్యూ కాగితం వేసి కుట్టి, తర్వాత చింపేయండి.

మొన మొద్దుగా వస్తోంది

మొన దగ్గర సూదిని సూటిగా మలపకుండా, అడ్డంగా ఒకటి రెండు కుట్లు వేసి తిప్పండి. మార్జిన్‌ను (కుట్టు బయట వదిలిన గుడ్డను) మొన దగ్గర 3 మి.మీ.కు తగ్గించి, మొద్దు పుల్లతో బయటికి నెట్టండి. కత్తెర కొనతో నెడితే పొడుచుకుని అవతలికి వస్తుంది. లైనింగ్ అంచు బయటికి కనిపిస్తుంటే కుట్టు గీతను 1 మి.మీ. వెనక్కి దొర్లించి కచ్చా కుట్టు వేశాకే ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ లైనింగ్ వైపు నుంచి, పైన పలచటి గుడ్డ వేసి.

మిగిలినవి అరుదు. సిల్కు మీద నీటి మరకలంటే నీళ్లు చల్లి ఇస్త్రీ చేశారు, ఇకమీదట పొడి ఇస్త్రీ చేయండి. ఉతికాక రెక్క వంకర పోతే లైనింగ్ ముందుగా తడిపి ఆరబెట్టలేదు, దాన్ని మార్చడమే దారి. పాదం ఒత్తిడి, బాబిన్ కేసు వగైరా ఒక్క క్రావట్ మీదే ప్రతాపం చూపించవు. అదే మెషిన్ మీద వేరే గుడ్డ బాగానే కుడుతుంటే వాటిని వదిలేయండి.