బావి నీటి శుద్ధి, 3వ పాఠం: పంపు పెట్టకుండా నీటిలోంచి చమురు తీయడం

బావిలోంచి చమురు, గ్యాస్‌తో పాటు వచ్చే ఉప్పునీటిని తిరిగి భూగర్భంలోకి ఎక్కించాలంటే ముందు అందులోని చమురు పోవాలి. ఈ దశలో అక్కర్లేని పంపు వల్ల కరెంటు వృథా అవుతుంది.

చమురు బొట్టు తేలే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. నీరు 30 డిగ్రీల దగ్గర ఉండి, రెండింటి సాంద్రతల తేడా ఘనమీటరుకు 150 కిలోలైతే, 100 మైక్రాన్ల బొట్టు మీటరు ఎత్తు తేలడానికి 16 నిమిషాలు చాలు. 20 మైక్రాన్ల బొట్టుకు దాదాపు 7 గంటలు పడుతుంది. సెంట్రిఫ్యూగల్ పంపు, సగం మూసిన వాల్వు పెద్ద బొట్లను చితక్కొట్టి ఇలాంటి చిన్నవిగా మార్చేస్తాయి. నీరు వేడిగా ఉంటే చిక్కదనం తగ్గి బొట్టు త్వరగా తేలుతుంది కాబట్టి, చల్లారక ముందే శుద్ధి చేయండి.

సెపరేటర్‌లో (బావి నుంచి వచ్చిన చమురు, గ్యాస్, నీటిని విడదీసే ట్యాంకులో) ఉన్న ఒత్తిడినే వాడుకునే పరికరం హైడ్రోసైక్లోన్. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ థ్యూ, డెరెక్ కోల్మన్ రూపొందించిన ఈ పద్ధతి 1980లలో సముద్రపు ప్లాట్‌ఫారాల మీదికి చేరింది. నీరు సన్నని గొట్టంలో (దీన్నే లైనర్ అంటారు) సుడి తిరుగుతుంది. తేలికైన చమురు నడిమధ్యకు చేరి, వెనక్కి ప్రవహించి, 2 మి.మీ. అటూ ఇటుగా ఉండే రిజెక్ట్ రంధ్రం గుండా బయటికి పోతుంది. గంటకు 100 ఘనమీటర్ల నీటిని 7 బార్ల (బార్ ఒత్తిడికి కొలత) ఒత్తిడికి పంపు చేయాలంటే, 65 శాతం సామర్థ్యంతో 30 కిలోవాట్లు కావాలి. ఈ అమరికలో అదంతా మిగులుతుంది.

లెవెల్ కంట్రోల్ వాల్వును (సెపరేటర్‌లో నీటి మట్టాన్ని అదుపు చేసేదాన్ని) హైడ్రోసైక్లోన్ తర్వాత, శుభ్రమైన నీటి లైను మీదే పెట్టండి. ముందు పెడితే బొట్లు అక్కడే చితికిపోతాయి.

రోజూ మూడు గేజీలు చదవాలి. ఇన్‌లెట్ నుంచి రిజెక్ట్ ఒత్తిడి తీసేయగా వచ్చినదాన్ని, ఇన్‌లెట్ నుంచి నీటి అవుట్‌లెట్ ఒత్తిడి తీసేయగా వచ్చినదానితో భాగించండి. 1.7 దగ్గర ఉంటే మంచిది. ఇన్‌లెట్ 10, అవుట్‌లెట్ 6, రిజెక్ట్ 3.2 బార్లైతే సరిగ్గా అంతే వస్తుంది. నిష్పత్తి తగ్గితే చమురు నీటితో పోతుంది. మరీ పెరిగితే రిజెక్ట్‌లో నీరు ఎక్కువై, అదే నీటిని మళ్లీ శుద్ధి చేయాల్సి వస్తుంది. రిజెక్ట్ ప్రవాహం మొత్తంలో 1 నుంచి 3 శాతం ఉంటే చాలు.

అయితే ఈ నిష్పత్తిని గుడ్డిగా నమ్మకండి. రంధ్రాల్లో ఇసుకో, గొట్టాల్లో పేరుకునే పొలుసో అడ్డుపడ్డా గేజీల లెక్క సరిగ్గానే కనిపించవచ్చు, నీటిలో చమురు మాత్రం పెరుగుతూ ఉంటుంది. రిజెక్ట్ వైపు నుంచి నీటిని ఎదురు పంపి రంధ్రాలను కడగండి. బావి ప్రవాహం తగ్గినప్పుడు సుడి బలహీనపడుతుంది. అప్పుడు కొన్ని లైనర్లను మూసేసి మిగతావాటికి నిండుగా నీరందించండి. సెపరేటర్ ఒత్తిడి అసలే చాలకపోతే, బొట్లను తక్కువగా చితక్కొట్టే ప్రోగ్రెసివ్ క్యావిటీ పంపు వాడండి.

అభ్యాసం: ఇన్‌లెట్ 8, అవుట్‌లెట్ 5.5, రిజెక్ట్ 4.5 బార్లు. నిష్పత్తి ఎంత, ఏం చేయాలి?
జవాబు: 1.4. రిజెక్ట్ వాల్వు తెరుస్తూ అక్కడి ఒత్తిడిని 3.75 బార్లకు దించాలి.