లండన్ కొడుకు, డబ్లిన్ కూతురు: అమ్మానాన్నల ప్రయాణానికి కాగితాలు సర్దే పద్ధతి

హిమాయత్‌నగర్‌లోని మా ట్రావెల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అబ్బాయి లండన్‌లో, అమ్మాయి డబ్లిన్‌లో ఉన్నారమ్మా. అంతదూరం వెళ్తున్నాం కాబట్టి పారిస్ కూడా చూపిస్తామంటున్నారు. ఒక్క వీసా సరిపోతుందా?" సరిపోదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యలో ఉన్నప్పుడూ సరిపోయేది కాదు. అయితే అప్పుడు కొన్ని తలుపులు ఓరగా తెరిచి ఉండేవి. ఇప్పుడు వాటికి గడియ పడింది, ఏ తలుపుకు పడిందో చాలామందికి తెలియదు.

బ్రిటన్ ప్రజలు 2016 జూన్ 23న ఓటు వేశారు, దేశం 2020 జనవరి 31న సమాఖ్య నుంచి బయటికొచ్చింది, దీన్నే బ్రెగ్జిట్ అంటారు. ఆ ఏడాది చివరిదాకా పాత నియమాలే నడిచాయి. 2021 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా రాకపోకలు సాగించే హక్కు ముగిసింది. భారతీయ పాస్‌పోర్టుకు ఆ హక్కు ఎన్నడూ లేదు కదా, మనకేమిటి అని మామయ్యగార్లు వాదిస్తారు. పోయింది బ్రిటన్ పౌరుడైన మీ అబ్బాయి హక్కు. దాన్ని పట్టుకుని కోడలు కూడా కొంత సులువుగా తిరిగేది.

కాబట్టి ముందుగా ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు ప్రయాణించే ప్రతి మనిషి పేరూ, పక్కనే ఆ మనిషి పాస్‌పోర్టు ఏ దేశానిదో రాయండి. పైన మూడు గడులు గీయండి: బ్రిటన్, ఐర్లాండ్, షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి). ఐర్లాండ్ ఐరోపా సమాఖ్యలోనే ఉంది కానీ షెంజెన్‌లో లేదు. బ్రిటన్ ఇప్పుడు రెండింటిలోనూ లేదు. షెంజెన్‌లో 29 దేశాలున్నాయి, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ అందులోవే. సమాఖ్యలో లేని స్విట్జర్లాండ్ కూడా అక్కడే ఉంది. ఒక్కో పేరుకు ఒక్కో గడి విడిగా నింపాలి. "మేమంతా ఒకే కుటుంబం" అన్న మాట సరిహద్దులో ఎవరూ వినరు.

మొదట మీ ఇద్దరి సంగతి. బ్రిటన్ సందర్శక వీసాకు ముందు దరఖాస్తు చేయండి, షెంజెన్ తరువాత. పాస్‌పోర్టు ఒకటే కాబట్టి రెండు దరఖాస్తులూ ఒకేసారి నడపాలని చూస్తే చిక్కు. షెంజెన్ దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. ఆ పదిహేను రోజుల మాటను మాత్రం నమ్ముకోకండి. వేసవి సెలవులకు ముందు అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. వీసా త్వరగా ఇస్తారని పేరున్న దేశానికి దరఖాస్తు పెట్టి, తిరిగేది ఇంకో దేశంలో అనే తెలివి నా దగ్గర చూపవద్దని చెబుతుంటాను.

ఇక్కడే గట్టిగా చెప్పాల్సిన మాట: షెంజెన్ వీసా హైదరాబాద్‌లో ఉండగానే తీసుకోండి. "లండన్ వెళ్లాక అబ్బాయి చూసుకుంటాడు" అంటారు. నివాసం ఉండే దేశం నుంచే దరఖాస్తు చేయాలన్నది నియమం. సందర్శకులుగా లండన్‌లో ఉన్నవాళ్లు, ఇంటి దగ్గర ఎందుకు చేయలేదో సమర్థించుకోవాలి. "అప్పటికి పారిస్ అనుకోలేదండీ" అనేది సమర్థన కింద చెల్లుతుందని నేనైతే ఆశపెట్టుకోను. పారిస్ నుంచి లండన్ తిరిగొచ్చి, మళ్లీ రోమ్ వెళ్లాలనుకుంటే రెండు ప్రవేశాలు అవుతాయి. అనేకసార్లు ప్రవేశించే వీసాయే అడగండి.

ఐర్లాండ్ గడి కొంచెం తమాషాగా ఉంటుంది. బ్రిటన్, ఐర్లాండ్ కలిసి 2015 నుంచి భారతీయులకు ఒక ఉమ్మడి పథకం నడుపుతున్నాయి. ఇక్కడ తీసుకున్న బ్రిటన్ సందర్శక వీసాకు బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అన్న ఆమోదం ఉంటే అదే వీసాతో డబ్లిన్ కూడా వెళ్లవచ్చు. ఒక షరతు ఉంది: వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. హైదరాబాద్ నుంచి లండన్ చేరి, అక్కడ ఇమ్మిగ్రేషన్ దాటి, ఆ తరువాతే డబ్లిన్. దుబాయ్ మీదుగా నేరుగా డబ్లిన్ టిక్కెట్టు చవకగా దొరికిందని కొంటే ఈ పథకం వర్తించదు. వీసా చేతికొచ్చిన రోజే ఆ అక్షరాలున్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఐర్లాండ్‌కు విడిగా దరఖాస్తు చేయాల్సిందే.

ఇప్పుడు కోడలి వరుసకు రండి. పదేళ్లుగా లండన్‌లో ఉంటూ, శాశ్వత నివాస అనుమతి కలిగి, పాస్‌పోర్టు మాత్రం భారతీయమే అయిన అమ్మాయికి ఈ ఉమ్మడి పథకం వర్తించదు. అది స్వల్పకాల సందర్శకుల కోసం పెట్టినది. అంటే రామంతాపూర్ అత్తగారు డబ్లిన్‌లోని కూతురి ఇంటికి దర్జాగా వెళ్లగలరు, లండన్‌లో కాపురముంటున్న కోడలు ఐర్లాండ్ వీసా విడిగా తీసుకోవాలి! ఈ మాట చెబితే అత్తగార్లు నన్ను నమ్మరు. కోడళ్లు వెంటనే నమ్ముతారు.

షెంజెన్ విషయంలోనూ నష్టపోయింది ఆవిడే. బ్రిటన్ సమాఖ్యలో ఉన్నంతకాలం, బ్రిటిష్ భర్తతో కలిసి పారిస్ వెళ్లే భార్యకు ఐరోపా చట్టం ప్రకారం వీసా రుసుము ఉండేది కాదు, త్వరగా ఇవ్వాల్సి ఉండేది. ఇప్పుడు భర్త సమాఖ్య బయటి దేశపు పౌరుడు. ఆవిడ అందరిలాగే 90 యూరోలు కట్టి, బ్యాంకు కాగితాలన్నీ పెట్టాలి. అదే డబ్లిన్‌లో ఉన్న మీ అమ్మాయి ఐర్లాండ్ పౌరసత్వం తీసుకుని ఉంటే, భారతీయ పాస్‌పోర్టున్న అల్లుడు ఆమెతో కలిసి పారిస్ వెళ్లడానికి ఆ సౌకర్యం ఇప్పటికీ ఉంది. ఒకే ఇంటి కోడలికి, అల్లుడికి రెండు రకాల దరఖాస్తులన్నమాట. ఈ హక్కుల చరిత్రలో మనవాడి పేరు ఒకటుంది. సురీందర్ సింగ్ అనే భారతీయుడు, బ్రిటిష్ భార్యతో జర్మనీలో పనిచేసి తిరిగొచ్చాక, బ్రిటన్‌లో ఉండే హక్కు కోసం సాగిన వ్యాజ్యంలో 1992లో ఐరోపా న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది. చాలా కుటుంబాలు ఆయన పేరుతోనే పిలిచే ఆ దారిలో బ్రిటన్ చేరాయి. బ్రెగ్జిట్‌తో అదీ మూసుకుపోయింది.

కొడుకు, మనవడి గడులు సులువే అయినా ఖాళీగా వదలకండి. బ్రిటన్ పాస్‌పోర్టుతో షెంజెన్‌లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండవచ్చు. పాస్‌పోర్టు జారీ అయి ప్రవేశించే రోజుకు పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే రోజు తరువాత మరో మూడు నెలలు చెల్లాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది, తల్లిదండ్రులు ఎక్కువగా మరిచిపోయేది అదే. 2025 అక్టోబరు 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో ముద్రలకు బదులు ఫొటో, వేలిముద్రలతో నమోదు చేసే పద్ధతిని దశలవారీగా తెచ్చారు. అందువల్ల ఎన్నాళ్లున్నారో కంప్యూటరే లెక్కకడుతుంది. లండన్ నుంచి పారిస్ రైలెక్కేవాళ్లను ఫ్రెంచి పోలీసులు సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లోనే తనిఖీ చేస్తారు, అక్కడికి తగినంత ముందుగా చేరండి.

ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ చూడాలనుకునేవాళ్లకు విడిగా చెబుతాను. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం. అక్కడికీ ఐర్లాండ్‌కూ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, గేటు లేదు. ఉత్తర ఐర్లాండ్‌లో హింసకు ముగింపు పలికిన 1998 నాటి శాంతి ఒప్పందం తరువాత అక్కడ మళ్లీ కాపలా పెట్టకూడదన్న పట్టుదలతోనే బ్రెగ్జిట్ చర్చలు ఏళ్లతరబడి సాగాయి. కారులో వెళ్తుంటే వేగపు బోర్డులు మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారడం చూసి దేశం మారిందని తెలుసుకోవాలి. ఎవరూ ఆపలేదు కాబట్టి వీసా అక్కర్లేదనుకోకండి. బస్సుల్లో, రైళ్లలో ఐర్లాండ్ పోలీసులు అప్పుడప్పుడు పత్రాలు అడుగుతారు. ఐర్లాండ్ గడి ఖాళీగా ఉన్న మనిషిని బెల్‌ఫాస్ట్‌లోనే ఆపండి.

ఇక సూట్‌కేసు. చికెన్ పచ్చడి, నెయ్యి, కోవా భారత్ నుంచి బ్రిటన్‌కు తీసుకెళ్లకూడదు. మాంసం, పాల పదార్థాలు బ్రిటన్ నుంచి ఐరోపా సమాఖ్యలోకీ తీసుకెళ్లకూడదు, అంటే లండన్‌లో కొన్న నెయ్యి డబ్బా డబ్లిన్ విమానం ఎక్కకూడదు. 2021 జనవరిలో బ్రిటన్ నుంచి ఓడలో వచ్చిన లారీ డ్రైవర్ల దగ్గర నెదర్లాండ్స్ అధికారులు మాంసం పెట్టిన శాండ్‌విచ్‌లు కూడా లాగేసుకున్నారు. మాంసం, పాలు కలవని మామిడి ఆవకాయ, కందిపొడి, నువ్వుల ఉండలు ఆ నిషేధంలోకి రావు. నూనె కారకుండా ప్యాక్ చేయించండి, పైన ఏముందో రాయించండి. పచ్చి కూరలు, ఆకులు సమాఖ్యలోకి తీసుకెళ్లాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరికాయ, అరటి, అనాస, ఖర్జూరం వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. కరివేపాకుకు లేదు.

మోయలేక కొడుకు ఇంటి నుంచి అమ్మాయికి పార్సెల్ చేద్దామంటే, లండన్ నుంచి డబ్లిన్‌కు ఇప్పుడు కస్టమ్స్ పత్రం నింపాలి. బహుమతి విలువ 45 యూరోలు దాటితే అమ్మాయి పన్ను కట్టి విడిపించుకోవాలి. సరుకుల విషయంలో ఉత్తర ఐర్లాండ్‌కు ఐరోపా నియమాలే వర్తిస్తాయి కాబట్టి బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్‌కు పంపే పార్సెల్‌కు ఆ పత్రం అక్కర్లేదు.

టిక్కెట్టు మాట చివరికి ఉంచాను, ఎందుకంటే దాన్ని చివరికే కొనాలి. శంషాబాద్ నుంచి లండన్‌కు నేరుగా విమానం ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారేవీ ఉన్నాయి. బ్రిటన్ సమాఖ్యలో ఉన్నప్పుడు, బ్రిటన్ వీసా ఉంటే షెంజెన్ విమానాశ్రయాల్లో విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా అక్కర్లేదని ఐరోపా నియమమే చెప్పేది. ఆ మినహాయింపు జాబితాలో అమెరికా, కెనడా, జపాన్ వీసాలున్నాయి, బ్రిటన్ పేరు పోయింది. భారతీయుల నుంచి ట్రాన్సిట్ వీసా అడగాలా వద్దా అన్నది ఒక్కో దేశం ఒక్కోలా నిర్ణయిస్తుంది, మారుస్తూ కూడా ఉంటుంది. మీరు మారే విమానాశ్రయం ఏ దేశంలో ఉందో ఆ దేశ రాయబార కార్యాలయం ప్రకటన చదివాకే డబ్బు కట్టండి. పెద్దవాళ్లకైతే నాలుగు వేలు ఎక్కువైనా నేరు విమానమే మేలంటాను.

కౌంటర్ దగ్గర విమాన సంస్థ ఉద్యోగి సరైన పత్రాలు లేని మనిషిని ఎక్కిస్తే సంస్థకు జరిమానా పడుతుంది, అందుకే అనుమానం వస్తే ఆపేస్తారు. గడుల కాగితం, వీసాల నకళ్లు, తిరుగు టిక్కెట్టు, ఉమ్మడి పథకం గురించి ఐర్లాండ్ ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చిన వివరణ ముద్రించుకుని చేతిసంచిలో పెట్టుకోండి. లండన్ నుంచి డబ్లిన్ విమానం ఎక్కేటప్పుడు ఆ వివరణ మళ్లీ చూపాల్సి రావచ్చు, దాన్ని మాత్రం పెద్ద సూట్‌కేసులో వేయకండి.